పెళ్ళి రిజిస్టర్‌లో ఏ మతం రాయించాలి?

ప్రశ్న: నా వయసు 27. మాది పల్నాడు వైపు ఒక పల్లె, మాదిగ కుటుంబం. అమ్మ నా చిన్నప్పటి నుంచీ చర్చికి వెళ్తుంది. నాన్న తాపీమేస్త్రి. ఆయన చర్చికి రాడు, మమ్మల్ని వద్దనీ అనడు. నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉండగా బాప్తిస్మం తీసుకున్నాను. సర్టిఫికెట్లో మాత్రం హిందూ, ఎస్సీ అనే ఉంది. ఇప్పుడు గ్రూప్-2కి చదువుతున్నాను. మా సంఘంలోనే ఒక అమ్మాయితో జనవరిలో పెళ్ళి కుదిరింది. చర్చి రిజిస్టర్‌లో సంతకం పెడితే సర్టిఫికెట్ పోతుందని మామయ్యలు భయపెడుతున్నారు. రాత్రి ఇంట్లో ప్రార్థన పెట్టించుకుని, పొద్దున్నే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హిందూ పెళ్ళిగా రాయించుకోమంటున్నారు. ‘దేవుడు గుండె చూస్తాడు గానీ కాగితం చూడడురా’ అన్నది నాన్న మాట. ఆ అమ్మాయేమో ‘పెళ్ళి రోజు కూడా యేసయ్యని దాచాలా?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పోయిన నెల ఉజ్జీవ సభల్లో ఒక దైవజనుడు, ఎస్సీ సర్టిఫికెట్ వాడుకునే విశ్వాసులందరూ ముప్పై వెండి నాణేలకి ప్రభువుని అమ్ముకున్న యూదాలే అన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నేనేం చెయ్యాలి?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ యూదా మాటని తీసి పక్కన పెట్టండి. ఆ ప్రసంగం చేసినాయనకి ఈ విషయంలో చేతి నుంచి పోయిందేమైనా ఉందో లేదో నాకు తెలియదు. క్రైస్తవుడైనందువల్ల ఒక రెడ్డిగారు పోగొట్టుకునే సర్టిఫికెట్ లేదు. ఆయన ముందూ ఓసీయే, తర్వాతా ఓసీయే. గిరిజనుడు క్రైస్తవుడైనా ఎస్టీగానే ఉంటాడు. ఎస్టీలకి మతం నిబంధన లేదు. విశ్వాసం ఒప్పుకుంటే ప్రభుత్వం చేతిలోంచి కాగితం లాక్కునేది మన పేటలోనే. కాబట్టి వేదిక మీద నుంచి యూదా అని పిలిచే ముందు, తను ఏమీ చెల్లించని చోట ఎదుటివాడు ఎంత చెల్లిస్తున్నాడో ఆ పెద్దమనిషి ఒక్క నిమిషం లెక్క చూసుకుని ఉండాల్సింది. మోయలేని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెట్టి, వేలితో కూడా కదిలించని వాళ్ళ గురించి మత్తయి 23లో ప్రభువు ఏమన్నాడో ఆయనకి నేను చెప్పక్కర్లేదు.

అయితే ఆయన మాట తీరు తప్పు గనుక మీ ఇంటివాళ్ళ సలహా ఒప్పయిపోదు. అది కూడా చెప్తాను.

ఈ ముడి ఎక్కడ పడిందో చూద్దాం. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో, మూడో పేరాలో ఒక్క వాక్యం ఉంది. హిందూ మతం కాని వేరే మతం అవలంబించేవారెవరినీ షెడ్యూల్డ్ కులం కింద లెక్కించకూడదని దాని సారాంశం. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి అందులో చోటిచ్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. 1985లో సుప్రీంకోర్టుకి వచ్చిన కేసు మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక మనిషిది. పక్కన కూర్చుని అదే పని చేసుకునే హిందూ కార్మికులకి ప్రభుత్వం బంకులు ఇచ్చింది, ఇతను క్రైస్తవుడని ఇవ్వలేదు. మతం మారాక కూడా కులం వెంట వస్తుందని చూపిస్తే సరిపోదు, ఆ బాధ అంతే లోతుగా ఉందని రుజువు చూపించాలి అని కోర్టు అంది. చెప్పు కుట్టే చెయ్యి అదే, తోలు అదే, వీధి అదే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం నిబంధన తీసేయమని సిఫారసు చేసింది. 2023 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి పంపింది. ఈ నిబంధన మీద సుప్రీంకోర్టులో 2004లో వేసిన పిటిషన్ ఇరవై ఏళ్ళు దాటినా తేలలేదు.

కారంచేడులో, చుండూరులో దళితులని కొట్టినవాళ్ళు, ఎవరు ఏ గుడికి వెళ్తారో అడిగి కొట్టలేదు. ఈ నిబంధన అన్యాయమైనదే. నా మనసులో ఆ విషయంలో సందేహం లేదు. మీ మనసులోనూ ఉండక్కర్లేదు.

ఇప్పుడు మీ సంగతి. ‘మాదిగ’ అని మీరు రాసుకుంటే అందులో అబద్ధం లేదు. మీ కులం మీరు ఎంచుకున్నది కాదు, బాప్తిస్మం నీళ్ళల్లో అది కరిగిపోలేదు కూడా. మన సంఘాల్లోనే కరగనిది తహశీల్దార్ ఆఫీసులో ఎలా కరుగుతుంది? దరఖాస్తులో కులం గడి ఒక్కటే ఉండి ఉంటే, పౌలు ‘నేను రోమా పౌరుణ్ణి’ అని శతాధిపతికి చెప్పుకున్నట్టు మీరూ ధైర్యంగా చెప్పుకోవచ్చు. చిక్కల్లా పక్క గడితోనే. అక్కడ ‘హిందూ’ అని ఉంది, కింద మీ సంతకం ఉంది. పౌలు నిజంగా రోమా పౌరుడే. మీరు హిందువు కాదు.

బాప్తిస్మం తీసుకోకముందు తెచ్చుకున్న సర్టిఫికెట్ గురించి మీరు కుమిలిపోనక్కర్లేదు. అప్పుడు అది నిజమే. చివరి సంవత్సరం ఎస్సీగా పొందిన ఫీజు సంగతి మనసులో గుచ్చుతుంటే ఒక లాయరుతో మాట్లాడండి. గాబరాపడి ఏ ఆఫీసుకీ ఒప్పుకోలు పత్రం రాసుకుంటూ పరుగెత్తకండి. దాటిపోయినది వేరు, ఇక మీద తెలిసి పెట్టబోయే సంతకం వేరు. నా సలహా అంతా ఆ రెండోదాని గురించే.

మా ఇంట్లో జరిగినది చెప్తాను. మా నాన్న, పెదనాన్న ఒకే రోజు ఒకే కాలువలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు. నన్నూ, పెదనాన్న కొడుకునీ ఒకే రోజు హైస్కూల్లో చేర్పించారు. దరఖాస్తులో మతం అన్న గీత దగ్గర నాన్న ఆగాడు. పెన్నుకి మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు, ‘క్రైస్తవ’ అని రాశాడు. పక్కనే పెదనాన్న ఆగకుండా ‘హిందూ’ అని రాసేశాడు. అన్నయ్య తర్వాత బ్యాంకులో చేరాడు. నేను నాలుగోసారికి గానీ టీచరు ఉద్యోగం కొట్టలేకపోయాను. మధ్యలో ఒకసారి ఇద్దరం కలిసి రాసిన పరీక్షలో వాడికంటే నాకు పదకొండు మార్కులు ఎక్కువొచ్చాయి. వాడికి పిలుపొచ్చింది, నాకు రాలేదు. నాన్న మీద చాలా ఏళ్ళు కోపం ఉండేది. ఆ కోపం తప్పని ఇప్పటికీ అనను.

పెదనాన్న ముప్పై ఏళ్ళకి పైగా చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాడు. సభ్యుల రిజిస్టర్‌లో పేరు వద్దనేవాడు, పేరు లేదు గనుక ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేవాడు కాదు. కానీ పాట మాత్రం గొంతెత్తి పాడేవాడు. ఆయన కీర్తన ఎత్తుకుంటే ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఆయన పోయినప్పుడు కొడుకులు ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్ళ ఆఫీసువాళ్ళు వచ్చి పోతున్నారు. ఫ్లెక్సీ మీద సిలువ వద్దన్నారు. పాస్టరు గారిని వెనక గదిలోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి ప్రార్థన చేయించారు. ముసలమ్మలు నలుగురు గోడకి ఆనుకుని, గొంతు బయటికి రాకుండా పెదవులు కదుపుతూ పాట పాడారు. నేను ఆ తలుపు దగ్గరే కాపలా నిలబడ్డాను.

పెదనాన్నని నేను యూదా అనలేను. సిరియా సేనాధిపతి నయమాను కూడా, తన రాజు చెయ్యి పట్టుకుని రిమ్మోను గుడిలో వంగాల్సి వస్తుంది, ఆ ఒక్కటీ క్షమించమని ఎలీషాని అడిగాడు. ప్రవక్త అతన్ని తిట్టకుండా నెమ్మదిగా వెళ్ళమన్నాడు. పెదనాన్న నలుగురు పిల్లల్ని కూలిలోంచి బయటికి లాగాడు. కానీ ఆ రోజు ఆ తలుపు దగ్గర నిలబడ్డాక నాన్న మీద నా కోపం సగం తగ్గింది. మీకు కాబోయే భార్య అడిగిన ప్రశ్న చదవగానే నాకు ఆ తలుపే గుర్తొచ్చింది. ఆ అమ్మాయి మీ ఉద్యోగం పోగొట్టాలని చూడటం లేదు. ఒక్క రోజు దాయడంతో అది ఆగదని ఆమెకి తెలిసినట్టుంది. పెళ్ళి దాస్తే పిల్లల బాప్తిస్మం దాయాలి, తర్వాత బళ్ళో వాళ్ళకి ఏం చెప్పాలో నేర్పించాలి.

మీ నాన్నగారి మాటని తేలిగ్గా తీసెయ్యకండి. ఎండలో ఇటుక మీద ఇటుక పెట్టి మిమ్మల్ని ఇంజనీరింగ్ చదివించిన మనిషి, ఆ కాగితం విలువ ఆయనకి మనందరికంటే బాగా తెలుసు. దేవుడు కాగితం చూడడన్నది నిజమే కావచ్చు. కానీ ఆ కాగితం చూసి మీరేమవుతారో దేవుడు చూస్తాడు. ఇది ఆయనతో వాదించి గెలవడానికి రాయడం లేదు, మీకోసం రాస్తున్నాను.

ఇక మామయ్యల ఉపాయం. విశ్వాసం సంగతి పక్కన పెట్టినా అది ప్రమాదం. హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి చెల్లాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. మన ఆంధ్ర నుంచే వెళ్ళిన ఒక కేసులో, క్రైస్తవ యువకుడు ఒక హిందూ అమ్మాయిని గుడిలో చేసుకుని, ఆ చట్టం కిందే రిజిస్టర్ కూడా చేయించాడు. ఆ పెళ్ళి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే రేపు ఏదైనా గొడవ వస్తే నష్టపోయేది ఆ అమ్మాయి. మీకు సర్టిఫికెట్ మిగలాలని ఆమె పెళ్ళికే పునాది లేకుండా చేస్తారా? తాపీమేస్త్రి కొడుకుకి పునాది గురించి నేను చెప్పాలా!

చర్చి పెళ్ళి 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద జరుగుతుంది. లైసెన్సు ఉన్న పాస్టరు గారు చేయాలి, ఆ రిజిస్టర్ ప్రభుత్వ రికార్డే. దానిమీద సంతకం పెట్టాక నేను క్రైస్తవుణ్ణి కాదు అనడానికి ఉండదు, మామయ్యలు చెప్పిన ఆ ఒక్క మాట నిజం. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఇంకో దారి. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఏ మతమన్నది అడ్డు కాదు. కొందరు స్నేహితులు మీకిది చెప్పే ఉంటారు. మంచి చట్టమే. కానీ మీ విషయంలో అది దాక్కోవడానికి ఇంకో గోడ అవుతుందేమోనని నా అనుమానం. పెళ్ళి ఏ చట్టం కింద జరిగినా బాప్తిస్మం జరిగిన మాట చెరిగిపోదు. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు చూసింది అదే. బాప్తిస్మం రికార్డు ఉంది, చర్చికి క్రమంగా వెళ్తున్నారు, అయినా ఉద్యోగం కోసం హిందువునంటున్నారు. నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. మన రాష్ట్రంలో తప్పుడు కుల ధ్రువీకరణ మీద 1993 నుంచే ప్రత్యేక చట్టం ఉంది, జైలు శిక్షతో సహా. ఉద్యోగంలో చేరిన పదేళ్ళకి ఎవడో గిట్టనివాడు ఒక ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, అప్పుడు ఇంటి లోన్ ఉంటుంది, స్కూలు ఫీజులుంటాయి, ఆ ఉత్తరం వస్తుందేమోనని ప్రతి బదిలీకీ టెన్షన్ ఉంటుంది. మా అన్నయ్యకి రిటైరయ్యే రోజు వరకూ ఉంది.

ఎస్సీ పోతే మీకేం మిగులుతుంది? బీసీ-సి. క్రైస్తవులైన షెడ్యూల్డ్ కులాలవాళ్ళకీ వాళ్ళ సంతానానికీ మన రాష్ట్రంలో ఉన్న వర్గం అది. ఒక్క శాతం. ఎస్సీలకి 15 శాతం, 2025లో వర్గీకరణ అయ్యాక అందులో మీ వర్గానికి 6.5. ఆరున్నర వదిలి ఒకటి తీసుకోమంటున్నానని నాకు తెలుసు. ఇది చిన్న మాట కాదు, చిన్నదన్నట్టు మాట్లాడేవాళ్ళని నమ్మకండి. కేంద్ర ఉద్యోగాలకి మాత్రం ఇదే వర్గం ఓబీసీ జాబితాలో ఉంది, అక్కడ 27 శాతంలో పోటీపడొచ్చు. ఆదాయం ఎక్కువున్న ఇళ్ళని పక్కన పెట్టే క్రీమీ లేయర్ లెక్క మీ ఇంటికి ఇప్పట్లో అడ్డు రాదు. గ్రూప్-2 ఒక్కటే పట్టుకు కూర్చోకుండా బ్యాంకు, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలు కూడా రాయండి. ఇది నేను టీచరుగా చెప్తున్న మాట.

ఇంకొకటి పోతుంది, అది ఉద్యోగం కంటే పెద్దది. ఎస్సీ, ఎస్టీల మీద దాడులని శిక్షించే అట్రాసిటీ చట్టం రక్షణ. బాపట్ల జిల్లాలో ఒక పాస్టరు తనని కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెడితే, పదేళ్ళుగా పాస్టరుగా ఉన్న మనిషికి ఆ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. మీ పల్లెలో పరిస్థితి ఎలా ఉందో నాకు తెలియదు. పెద్ద కులాలవాళ్ళతో పొలం గట్టు తగాదా లాంటిదేమైనా ఇంట్లో నడుస్తుంటే నిర్ణయానికి ముందు ఆ లాయరుతో ఇది కూడా మాట్లాడండి. విశ్వాసం ఉన్నవాడు ముందూ వెనకా చూసుకోకూడదని ఎక్కడా రాసి లేదు.

ఇంత నష్టం చెప్పి కూడా ఎందుకు ఒప్పుకోమంటున్నానంటే, దాక్కున్నవాళ్ళు లెక్కలోకి రారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రలో క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా తేలలేదు. ఆదివారం ఏ పేటలోనైనా మైకు వింటే ఆ అంకె ఎంత నిజమో మీకే తెలుస్తుంది. ఈ నిబంధన తీసేయండి అని అడగడానికి ఊరేగింపులో నిలబడాల్సినవాళ్ళే, సర్టిఫికెట్ భయంతో ఊరేగింపుకి రాలేకపోతున్నారు. అడిగేవాళ్ళు లేరు గనుక అన్యాయం సాగుతోంది, అన్యాయం సాగుతోంది గనుక అడగలేకపోతున్నారు. ఈ గానుగలోంచి ఎవరో ఒకరు బయటికి నడవాలి. అది మీరే కావాలని శాసించను. కానీ మీకు నిద్ర పట్టడం లేదన్నారు కదా, బహుశా సగం దూరం నడిచే ఉన్నారు.

మన పెద్దలకి ఈ పరీక్ష కొత్త కాదు. 1876 నుంచి 78 దాకా కరువులో, ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని మన మాదిగలకి పని ఇప్పించాడు. పని కావాలన్నవాళ్ళు వేలల్లో వచ్చారు, వాళ్ళల్లో బాప్తిస్మం కావాలన్నవాళ్ళూ వేలల్లోనే ఉన్నారు. ఆయన కరువున్నంత కాలం బాప్తిస్మం ఇవ్వనన్నాడు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు తీరి, కూలి ఆగిపోయి, ఇక ఇచ్చేదేమీ లేదని తెలిశాక కూడా వాళ్ళు తిరిగొచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది నీళ్ళల్లోకి దిగారు. ‘మెతుకుల కోసం మతం మార్చుకున్నారు’ అని ఎవరైనా మిమ్మల్ని అంటే ఈ ముక్క చెప్పండి. ఇప్పుడు మన చట్టం లెక్క తిరగబడింది. నమ్మితే మెతుకు పోతుంది.

ఒక పని మీ పాస్టరు గారిది, సంఘానిది. ఈ పేజీ ఆయనకి చూపించండి, నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. బీసీ-సి తీసుకుని పరీక్షలు రాసే పిల్లలకి కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు సంఘం పెట్టుకుంటుందా? కొత్త గోపురానికి చందాలు పోగుచేసే చేతులు దీనికీ లేస్తాయా? మాల, మాదిగ సంఘాలు పక్కపక్క వీధుల్లో వేరువేరు గుడులు కట్టుకుని, పెళ్ళి సంబంధానికి ముందు ‘మనవాళ్ళేనా’ అని అడుగుతూ, క్రీస్తులో కులం లేదని కోర్టుకి మనమే సాక్ష్యం రాసిస్తున్నాం. తర్వాత ఆ కోర్టే ‘మీలో కులం లేదు కదా’ అంటే ఏడుస్తున్నాం. అపొస్తలుల కార్యములలో తొలి సంఘం పొలాలమ్మి అవసరమైనవాళ్ళకి పంచింది. ఖరీదు ఒక్కడి నెత్తిన వేసి సాక్ష్యం మాత్రం అందరూ పంచుకోవడం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. సంఘం ముందుకి రాకపోయినా మీరు నిజమే చెప్పండి. కానీ ఆ ప్రశ్న వాళ్ళని అడగకుండా వదిలిపెట్టకండి.

కాబట్టి ఈ వారంలోనే ఆ అమ్మాయితో కూర్చోండి. ఆమెకీ ఎస్సీ సర్టిఫికెట్ ఉంటే పోయేది ఇద్దరిదీ, నిర్ణయం ఇద్దరిదీ కావాలి. తర్వాత నాన్నగారితో మాట్లాడండి. మామయ్యల మధ్యలో వద్దు, ఆయన పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, ఒక్కరే వెళ్ళండి. వాక్యం చెప్పకండి. ఒక్క శాతం సంగతి మీరే ముందు చెప్పండి, ఇంకొకళ్ళ నోట ఆయన వినకూడదు. ఆయన కోప్పడతారు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ తర్వాత తహశీల్దార్ ఆఫీసులో బీసీ-సికి దరఖాస్తు పెట్టండి, గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చేలోపు చేతికి రావాలి కదా.

పెళ్ళి జనవరిలో అన్నారు. చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదవాలి గనుక డిసెంబరులోనే మొదలుపెట్టించండి. మొదటి ప్రకటన చదివే రోజు నాన్నగారిని కూడా రమ్మనండి. లోపలికి రాను, బయట వేపచెట్టు కింద నిలబడతానంటే నిలబడనివ్వండి. మైకులో మీ పేరు పక్కన ఆయన పేరు చదువుతారు, అక్కడికీ వినపడుతుంది.